ఫిరంగి బాబాయి కొన్న చెవులు

ఫిరంగి బాబాయి ఆ ఉదయం వేసుకున్న లెక్క చాలా చిన్నది. తొలి బస్సుకి పక్క ఊరు వెళ్లాలి. తననెవరూ ఎరగని చోట, చెవుల డాక్టరు దగ్గర ఒక మిషను కొని చెవిలో పెట్టుకోవాలి. కొట్టు తెరిచే వేళకి తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు గల్లాపెట్టె ముందు కూర్చోవాలి. భార్య అక్కగారింటికి వెళ్లింది కనుక ఎక్కడికని అడిగేవాళ్లు లేరు. ఖర్చు ఒక పూట, రాబడి రెండు చెవులు. తాళాల కొట్టు పెట్టిన నాటినుంచీ ఇంత లాభసాటి బేరం ఆయనకి తగల్లేదు.

సైన్యంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఫిరంగుల పక్కన నిలబడ్డాడు. పేరు జనం పెట్టారు, చెవుడు ఫిరంగులు పెట్టాయి. పేరు అందరికీ తెలుసు. చెవుడు సంగతి మాత్రం భార్యకి తప్ప మరెవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం. కొట్లో దానివల్ల ఇబ్బంది లేదు సరికదా, కలిసొచ్చింది కూడా. కొనేవాడు తాళం చూపిస్తాడు, ఈయన ధర చెబుతాడు. ఆ తర్వాత వాడు ఏమన్నా ఈయన తల అడ్డంగా ఊపుతాడు. బేరం వినపడితే కదా తగ్గించడానికి. గట్టి వ్యాపారి అని బజారంతా పేరు.

చిక్కంతా ఫోనుతోనే. మాజీ సైనికుల సంఘంలో మందులూ, పింఛనూ, ఆస్పత్రి పనులూ కార్యదర్శి చూసుకుంటుంది. ఆవిడ సైనిక ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. అందరికీ నర్సమ్మే. అవి కాక, మనసు బరువెక్కినప్పుడు మాట్లాడుకోవడానికి సంఘం వేరే ఒక ఫోను పెట్టింది. సైనికులైనా, వాళ్ల ఇంట్లోవాళ్లైనా పేరు చెప్పకుండా అందులో గోడు చెప్పుకోవచ్చు. ఆరేళ్లుగా ఆ ఫోను ఫిరంగి బాబాయి జేబులోనే ఉంది. ఆయనకి అందులో వినపడేది ఒట్టి గొణుగుడు. గొణుగుడు ఆగితే "ఊఁ, తర్వాత?" అనేవాడు. మరీ ఎక్కువసేపు ఆగితే "ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి" అని పెట్టేసేవాడు.

నిఖార్సయిన తాళాలమ్మే మనిషి, ఇక్కడ మాత్రం చెల్లని సరుకు అంటగడుతున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగేది కాదు. పైగా ఆదివారం సమావేశంలో ఆ ఫోను ఎవరి దగ్గర ఉండాలో మళ్లీ తేలుస్తారు. ఈలోగా ఎవరైనా పసిగట్టారో, ఫోను పోయినట్టే. యూనిఫాం విప్పాక ఆయనకి మిగిలిన డ్యూటీ అదొక్కటే.

అందుకే జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. డాక్టరు ముందు మోగితే గుట్టు రట్టవుతుందని తనదీ, సంఘానిదీ రెండు ఫోన్లూ బల్ల మీదే వదిలేశాడు. ఖాళీ ఇల్లని దొంగలకి తెలియకుండా రేడియో పెద్దగా పెట్టాడు. రోజూ వేసుకునే చెప్పులు గుమ్మం ముందు విడిచి, పెళ్లిళ్లకి దాచుకున్న బూట్లు తొడుక్కున్నాడు. తలుపుకి తన కొట్లోకెల్లా మేలైన తాళం వేశాడు. అది లోపల్నించి వేసినా, బయట్నించి వేసినా ఒకేలా కనిపిస్తుంది. ఇంట్లో మనిషి ఉన్నదీ లేనిదీ దేవుడికి కూడా తెలియదని చెప్పి ఆ తాళాన్ని ఆయన ఊరందరికీ అమ్మాడు.

మరిచింది ఒక్కటే. సంఘంలో ప్రతి సభ్యుడూ పొద్దున్నే ఫోన్లో 'హాజరు' అని పెట్టాలి. పెట్టకపోతే దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి తలుపు కొట్టాలి. కొట్టినా తీయకపోతే చర్చలు పెట్టకుండా పగలగొట్టాలి. ఈ నియమం పట్టుబట్టి పెట్టించింది ఫిరంగి బాబాయే. "పగిలాక కొత్త తాళం నీ కొట్లోనేగా కొనాలి" అని అప్పట్లో డ్రైవరు ఎగతాళి చేశాడు. అయితే బాబాయి తరఫున రోజూ ఆయన ఫోన్లోంచి హాజరు పెట్టేది భార్య. అలా పెడుతుందని కూడా ఆయనకి గుర్తు లేదు.

అవతల డాక్టరు ఆలస్యంగా వచ్చాడు. ఇవతల హాజరు రాలేదు. సైనిక లారీలు నడిపి రిటైరై, ఇప్పుడు సంఘం వ్యాను నడుపుతున్న డ్రైవరు ముందుగా వచ్చాడు. చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. రేడియో మోగుతోంది. ఫోన్ చేస్తే అదీ లోపలే మోగుతోంది. మనిషి లోపలే ఉన్నాడనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. అతను నర్సమ్మకి కబురు చేశాడు. ఆవిడ 'సంఘం కబుర్లు' అనే ఫోను గ్రూపులో, ఫిరంగి బాబాయి తలుపు తీయడం లేదని పెట్టింది. అది నాలుగు చేతులు మారేసరికి ఆయన కిందపడ్డాడు, మరో నాలుగు మారేసరికి మాట పడిపోయింది. అంబులెన్సు వచ్చింది. ఎవరూ పిలవకుండానే, సైనికుల అంత్యక్రియల్లో బ్యూగిల్ ఊదే ఆయన ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చాడు. ఎందుకొచ్చావని నర్సమ్మ నిలదీస్తే, ఊరికే, దగ్గర్లో ఉంటే మంచిదని వచ్చానన్నాడు.

తాళం మాత్రం లొంగలేదు. సుత్తితో కొట్టారు, గడ్డపారతో పెకలించారు. గడ్డపార వంగింది. చివరికి గోడ తవ్వి, తలుపుని చట్రంతో సహా ఊడదీసి ముంగిట్లో పడుకోబెట్టారు. లోపలికెళ్లి చూస్తే రేడియోలో ఎవరో వంకాయ సాగు గురించి చెబుతున్నారు. మంచం ఖాళీ. స్నానాలగది ఖాళీ. పడిపోయిన మనిషి కంటే మాయమైన మనిషి వాళ్లని ఎక్కువ బెదరగొట్టాడు.

సరిగ్గా అప్పుడే ఫిరంగి బాబాయి వీధి మలుపు తిరిగాడు. చెవిలో మిషను పెట్టినప్పటినుంచీ ఆయన బిత్తరపోయే ఉన్నాడు. బస్సు ఇంత రొద చేస్తుందని తెలియదు. తన బూట్లు కిర్రుమంటాయని తెలియదు. ఇప్పుడు తన వీధిలో అంబులెన్సు, జనం. పాపం ఎవరో పోయారనుకుని తలపాగా తీసి చేత్తో పట్టుకుని దగ్గరికొచ్చాడు. ముంగిట్లో వెల్లకిలా పడున్న తన తలుపు కనిపించింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. అంబులెన్సుకి చేరగిలబడ్డాడు. అవతలి వైపు నిలబడ్డ డ్రైవరు గొంతు స్పష్టంగా వినపడింది.

"టపాకాయ పేలితే మంచం కింద దూరతానక్కా నేను. ఇంటిదానికి కూడా చెప్పలేదు. బాబాయికే చెప్పుకున్నా. ఆయనకి చెవుడు కాబట్టి."

"తెలిసేగా ఆ ఫోను ఆయనకిచ్చింది," అంది నర్సమ్మ. "మొదట బాగా వినపడే మనిషిని పెట్టాం. ఒక్కొక్కరికీ గంటసేపు సలహాలిచ్చాడు. మూడో వారానికి ఫోన్ చేసేవాళ్లే లేరు."

"నీకెలా తెలుసు ఆయనకి వినపడదని?"

"మొదటి రోజే పరీక్ష చేశానురా. నేనే ఫోన్ చేసి, మీ కొట్టు తగలబడుతోందన్నాను. ఊఁ, తర్వాత? అన్నాడు."

ఫిరంగి బాబాయి ఆరేళ్లుగా తాను జనాన్ని మోసం చేస్తున్నాననుకున్నాడు. తీరా చూస్తే వాళ్లు ఆ లోపం చూసే సరుకు కొన్నారు. ఈ వేళ తాను డబ్బు పోసి, ఉన్న ఒక్క గిరాకీనీ పోగొట్టుకొచ్చాడు.

"నేను చావలేదు," అన్నాడు ముందుకొచ్చి.

జనం తుళ్లిపడ్డారు. బ్యూగిల్ ఆయన బ్యూగిల్ని వీపు వెనక దాచుకున్నాడు. నర్సమ్మ ఆయన్ని తడిమి చూసి, నాడి పట్టుకుని, తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో ఆవిడ చూపు ఆయన చెవి మీద పడింది. ఆవిడ చూపు వెంట అందరి చూపులూ అక్కడికే వెళ్లాయి. వీధి వీధంతా బిగుసుకుపోయింది. ఫోన్లో ఎవరు ఏం చెప్పుకున్నారో ఎవరికి వారు మనసులో లెక్క చూసుకుంటున్నారు.

"ఎప్పట్నించి బాబాయ్ అది?" అన్నాడు డ్రైవరు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఈ పొద్దుట్నించే."

"మొన్న నేను చేసినప్పుడు?"

"లేదు."

డ్రైవరు తలుపు మీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. నర్సమ్మ మాత్రం చెయ్యి చాచింది. "ఏమనుకోకండి అన్నగారూ. ఇక మీకు ఎవరూ ఏమీ చెప్పుకోలేరు. ఆ ఫోను ఇచ్చేయండి."

ఆయన తలుపు లేని ఇంట్లోకి నడిచాడు. వెనకే అందరూ వచ్చారు. బల్ల మీది ఫోను అందుకోబోతుంటే అది మోగింది. ఇన్నాళ్లూ జేబులో వణుకుగానే తెలిసిన ఆ మోత ఎలా ఉంటుందో ఆయన మొదటిసారి విన్నాడు. నర్సమ్మ చెయ్యి వేసేలోగా తీసి చెవికి ఆనించుకున్నాడు.

"ఏమండీ, నేనే," అంది భార్య గొంతు.

ఆయన ఫోనుని చెవికి ఇంకాస్త అదుముకున్నాడు.

"వారం వారం మీకు ఫోన్ చేస్తున్నది నేనేనని మీకు తెలియదు, తెలియనివ్వను కూడా. ఇంట్లో మీతో మాట్లాడాలంటే వీధంతా వినేట్టు అరవాలి. ఇక్కడైతే మెల్లగా చెప్పుకోవచ్చు. మీ గురక లేక అక్కయ్య ఇంట్లో కన్ను మూతపడలేదు. మీరు తాళంచెవి ఎక్కడో పారేసుకుని అరుగు మీద కూర్చున్నారేమోనని దిగులుగా ఉంది. మారుతాళంచెవి ఇంటికి చేటంటారు మీరు. పదేళ్ల కిందటే మీ ఎదురు తాళాల కొట్టువాడి దగ్గర ఒకటి చేయించాను. పెరట్లో కుళాయి పక్కన ఇటుక కింద ఉంది. చెప్పి ఏం లాభం, మీకు వినపడదుగా."

ఫిరంగి బాబాయి కిటికీలోంచి కుళాయి వైపు చూశాడు. ఇటుక ఉంది. గుమ్మం వైపు చూశాడు. గుమ్మం లేదు. అదీ ఎదురు కొట్టువాడి దగ్గర చేయించిందట. కడుపులోంచి ఒక కేక గొంతుదాకా వచ్చింది. ఇటు నర్సమ్మ, డ్రైవరు, ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి ఆయన ముఖంలోకే చూస్తున్నారు.

కేకని ఆయన మింగేశాడు. "ఊఁ, తర్వాత?" అన్నాడు.

అవతల ఇంకా చాలా ఉంది. పెళ్లైన కొత్తలో చెప్పాల్సిన మాటలు కూడా కొన్ని ఉన్నాయి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి కానీ పెదవి కదల్లేదు. ఆఖర్న "ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి" అని పెట్టేసి, ఫోను జేబులో వేసుకున్నాడు.

"ఎవరు? ఏమన్నారు?" అంది నర్సమ్మ.

"ఏమో. ఏమీ వినపడలేదు," అన్నాడాయన.

నర్సమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ సాయంత్రం 'సంఘం కబుర్లు'లో ఒక్కటే వార్త వచ్చింది: ఫిరంగి బాబాయి క్షేమం, ఫోను ఎప్పటిలాగే ఆయన దగ్గరే ఉంటుంది, చెవుడు కూడా.