మెట్ల కింద మందుల డబ్బా

నా భార్యను చంపింది మా భవనంలోని ఇరుగుపొరుగు మంచితనం. ఇది నా అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. మిగతావి వివరాలు.

మా భవనంలో మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. దాని మీద నీలం రంగుతో "మందులు – అందరివీ" అని రాసి ఉండేది. జ్వరం వచ్చినవాడు డాక్టరు రాసిన మాత్రలు సగం మింగుతాడు. జ్వరం తగ్గుతుంది. మిగిలినవి కూడా తానే మింగడం స్వార్థం కనుక షీటు తెచ్చి డబ్బాలో వేస్తాడు. గొంతు నొప్పి వచ్చినవాడు అందులోంచి రెండు తీసుకుంటాడు. చెవిపోటు వచ్చినవాడికి ఒకటి మిగులుతుంది. ఒకే షీటు మూడు అంతస్తులకూ సేవ చేసిన సందర్భాలున్నాయి. మా సంక్షేమ సంఘం అధ్యక్షులవారు దీన్ని సమసమాజం అనేవారు. ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మాత్రల కొలత ఆ శాఖ పరిధిలోకి రాదు.

నా భార్య ఆ డబ్బాలో ఎన్నడూ ఏమీ వేయలేదు. డాక్టరు రాసినవన్నీ చివరి మాత్ర దాకా మింగి, ఖాళీ షీటు చెత్తబుట్టలో పడేసేది. ఇది భవనమంతా గమనించింది. ఆమెకు పిసినారి అని పేరు పెట్టింది. బట్టలు కుట్టే ఎదురింటావిడ ఒకరోజు మెట్ల మీద నిలబెట్టి అడిగింది.

"ఏం వదినా, అందరం తలా ఇన్ని వేస్తున్నాం. మీ ఇంటి నుంచి ఒక్క బిళ్ళ రాలేదు. అసలు జబ్బే చేయదా మీకు?"

"చేస్తుంది వదినా. తగ్గిపోతుంది. అదే మా తప్పు," అంది నా భార్య.

తర్వాత కొన్నాళ్ళకు ఆమెకు మూత్రంలో మంట మొదలైంది. చిన్న జబ్బు. రాసిన మందు పూర్తిగా వాడింది. తగ్గలేదు. డాక్టరు మందు మార్చాడు. అదీ పనిచేయలేదు. ఈ వార్త తెలిసి భవనం కరుణతో కదిలిపోయింది. వచ్చినవారెవరూ చేతులు ఊపుకుంటూ రాలేదు. కింది వాటాలో ఉండే బస్సు కండక్టరు తన కుక్కకు వాడగా మిగిలిన మందు తెచ్చి, మనిషి కనుక కాస్త ఎక్కువ వేసుకోమన్నాడు.

"వద్దు బాబాయ్," అంది ఆమె మంచం మీంచే. "నా ఒంట్లో క్రిములతోనే వేగలేకపోతున్నా. మీ కుక్క క్రిములతో కూడా వియ్యం కలపకండి."

చివరికి ఆసుపత్రిలో చేర్చాను. అక్కడ క్రిముల పరీక్షలు చేసే డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, ఏ మందుకూ లొంగని క్రిమి అని, రక్తంలోకి కూడా పాకిందని చెప్పింది. మందులన్నీ పూర్తిగా వాడిన మనిషి ఒంట్లో క్రిమి ఈ విద్య ఎక్కడ నేర్చుకుందని అడిగాను.

"పక్కవాటి దగ్గరండీ," అంది.

మనకు గుణాలు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. క్రిములకు తల్లిదండ్రులే కాదు, ఇరుగుపొరుగు కూడా పనికొస్తారట. ఒక క్రిమి పక్కదానికి సన్నని గొట్టం తగిలించి, మందును తట్టుకునే జన్యువుకు నకలు తీసి అందిస్తుంది. అసలుది తన దగ్గరే ఉంచుకుంటుంది. అవతలిది తన జాతిదా, కాదా అని చూడదు. మా మొదటి అంతస్తుకూ రెండో అంతస్తుకూ మాటల్లేవు. అయినా వంటింటి కిటికీలోంచి తాడు కట్టిన సంచిలో మాత్రలు దిగుతూనే ఉంటాయి. చచ్చిన క్రిమి పగిలితే, దాని జన్యువుల ముక్కల్ని బతికున్నవి ఏరుకుంటాయని కూడా చెప్పింది. మూడో అంతస్తు ఫోటోగ్రాఫరు తండ్రి పోయినప్పుడు, శవం ఇంట్లో ఉండగానే ఆయన మందుల సంచి డబ్బాలోకి చేరింది. ఇవి చాలక, వైరస్‌లు ఒక క్రిమి జన్యువు ముక్క పొరపాటున మోసుకెళ్ళి ఇంకోదాంట్లో దించుతాయట. ఒకరి మాత్రలు ఇంకొకరింట్లో ఇచ్చే ఆ ఉద్యోగం మా దగ్గర వాచ్‌మన్ చేస్తాడు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నదేనట. మనం సగం సగం మింగే కొద్దీ తట్టుకున్న క్రిములే మిగులుతాయి, వాటి విద్యే చుట్టుపక్కలకు పాకుతుంది. కడుపులో ఏ హానీ చేయకుండా పడి ఉండే క్రిమి కూడా ఆ విద్య దాచుకుని, దారిన పోయే దుర్మార్గుడికి ధారపోస్తుంది.

అయితే ఆ డబ్బా వల్లే అన్నాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"అలా చెప్పలేమండీ. ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు."

"మీరు చెప్పలేరు. నేను చెప్తాను," అన్నాను.

నా భార్య పోయింది.

నెల తిరక్కుండా సంఘం సమావేశమై తీర్మానం చేసింది. డబ్బా తీసేసి, దాని స్థానంలో అద్దాల అల్మారా పెట్టాలి. దానికి నా భార్య పేరు పెట్టాలి. నేను వద్దన్నాను. నా అభ్యంతరాన్ని గౌరవపూర్వకంగా స్వీకరించి, ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. బతికినన్నాళ్ళూ ముట్టని దాని మీద ఆమె పేరు ఉండకూడదు. నాకు మిగిలిన పని అది చూసుకోవడమొక్కటే.

ప్రారంభోత్సవానికి మెట్ల కింద కుర్చీలు వేశారు. పేరు చెక్కిన ఇత్తడి రేకు అల్మారాకు బిగించారు. అధ్యక్షులవారు మాట్లాడారు.

"ఈ మహా ఇల్లాలు మన డబ్బాలోంచి ఒక్క మాత్ర కూడా తీసుకోలేదు. ఎందుకు? మనకు తక్కువవుతాయని! అటువంటి త్యాగమూర్తి ఏ మందుకూ అందనంత ఎత్తుకు ఎదిగి, మన భవనం నుంచే వెళ్ళడం మనందరికీ గర్వకారణం."

నన్ను రెండు మాటలు చెప్పమన్నారు.

"మా ఆవిణ్ణి చంపింది ఇదే. తీసి అవతల పారేయండి," అన్నాను.

చప్పట్లు కొట్టారు. బట్టలు కుట్టే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. బాధలో ఉన్న మనిషి మాటలు కాదు, మనసు చూడాలని అధ్యక్షులవారు సభకు వివరించారు. నరాలకు మంచిదని అల్మారాలోంచి ఒక మాత్ర తీసి నా చేతిలో పెట్టారు.

నేను ఇంట్లోకి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చి, అందరి ముందూ ఆ రేకు ఊడదీశాను. అది కూడా కార్యక్రమంలో భాగమేననుకుని ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. రేకు నా దగ్గరే ఉంది. అడిగే ధైర్యం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

అల్మారా అనాథగా ఉండకూడదని అధ్యక్షులవారు తన తల్లి పేరు పెట్టించారు. ఆవిడ బతికే ఉంది. రోజూ ఆ అల్మారానే వాడుతుంది కాబట్టి సంఘం తొందరపడిందనడానికి వీల్లేదు.

మీరు నవ్వుతున్నారు. కానివ్వండి. మీ ఇంట్లో ఫ్రిజ్ మీదో, అద్దం సొరుగులోనో సగం వాడిన షీటు ఒకటి ఉంది. ఎవరికైనా పనికొస్తుందని దాచారు. పనికొస్తుంది. ఎవరికన్నది మాత్రం నన్ను అడగొద్దు. ఈ సంగతి నేను ఇక జన్మలో మాట్లాడను.