ఆరు కుండీలు, ఒకే చిల్లు

దొంగ ఫొటోలను పట్టుకోవడం ఆమె ఉద్యోగం. ఫొటోలో ఒకచోటి ముక్కను అదే ఫొటోలో ఇంకోచోట అతికిస్తే, ఆమె కంప్యూటర్ ఆ రెండు ముక్కలనీ ఎర్రగీతతో కలిపి చూపిస్తుంది. ఆ విద్య నేర్పడానికే ఆమె వేరే ఊరు వెళ్లి రెండు వారాలు దాటింది.

ఆ ఉదయం భర్త, బాల్కనీలోని గులాబీలను ఫొటో తీసి ఆమెకు పంపుదామని తలుపు తీశాడు. నీళ్లు పోయడం తన వంతని అప్పుడు గుర్తొచ్చింది. ఆరు కుండీల్లో ఐదు పుల్లలై నిలబడ్డాయి. పైఇంటి ఏసీ నీళ్లు పడే మూలనున్నది ఒక్కటే పచ్చగా ఉంది. అన్నీ ఆమె స్వయంగా అంటు కట్టుకున్నవి. అతను గబగబా తలుపు మూశాడు. కాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ పచ్చటి మొక్కనే మిగతా ఐదు కుండీల్లోనూ అతికించి పంపాడు.

వెంటనే ఫోన్ మోగింది.

"ఏవండీ, ఎంత బాగున్నాయో! కానీ అన్నిటికీ పై ఆకులో చిల్లుందేంటి? సరిగ్గా ఒకే చోట?"

"పురుగేమో."

"అన్నిటినీ ఒకేలా కొరికే పురుగుంటుందా? ఇదేదో తెగులు. పైఇంటి బాబాయిగారికి ఫొటో పంపుతున్నా."

బాబాయిగారు వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మధ్యాహ్నం దిగొచ్చి, ఫొటోను చూశారు, కుండీలను చూశారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇది పొద్దున తీసిందేనా?"

"పొద్దునదేనండీ."

"ఈలోగా ఐదూ పోయాయా! నా సర్వీసులో ఇంత వేగంగా పాకే తెగులు చూడలేదయ్యా."

నిజం చెబుదామని అతను నోరు తెరిచేలోపే, ఆయన బతికున్న మొక్కను వేళ్లతో సహా పీకి, పరీక్షకని సంచిలో వేసుకున్నారు. సాయంత్రానికి భవనంలోని వాళ్లంతా ముక్కులకు గుడ్డలు కట్టుకుని, తెగులు అంటకుండా తమ కుండీలు మేడ మీదికి మోస్తున్నారు. ఊరికే నిలబడితే బాగుండదని అతనూ ఓ చెయ్యి వేశాడు.

అప్పుడు మళ్లీ ఫోన్. ఆమె గొంతు బాగా తగ్గింది.

"ఏ మార్పూ చెయ్యని ఫొటో ఎలా ఉంటుందో ఇవాళ క్లాసులో చూపించాల్సొచ్చింది. మీరు పంపింది పెట్టాను."

అతను మోస్తున్న కుండీని మెట్టు మీద దించాడు.

"తెరంతా ఎర్రగీతలేనండీ. మా ఆయనే చేశారని చెప్పాను."

"నవ్వారా?"

"లేదు. రాసుకున్నారు."

"భయమేసింది. చెప్పలేకపోయాను."

"ఎండితే ఎండాయి, మళ్లీ అంటు కట్టుకుంటాను. ఎవరు ఏ ఫొటో ఇచ్చినా ముందు అనుమానిస్తాను నేను. మీరు పంపిందని అసలు పరీక్ష చెయ్యనే లేదు." ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది. "నేనొచ్చేలోపు బాబాయిగారికి మీరే చెప్పండి."

అతను మేడెక్కి, అందరి ముందూ తల దించుకుని ఉన్నదంతా చెప్పాడు. ఒక్కొక్కరే ముక్కుల మీది గుడ్డలు విప్పారు.

"అంటే, ఉన్నదాన్నే లేనిచోట కూడా పెట్టావన్నమాట?" అన్నారు బాబాయిగారు.

"అవునండీ. తప్పయిపోయింది."

ఆయన అందర్నీ కిందికి పంపేసి, గంభీరంగా దగ్గరికొచ్చి, బట్టతల తడుముకుంటూ, తన ఫొటోలో చెవుల పక్క జుట్టును నడినెత్తికి కూడా వేసి పెట్టగలవా అని అడిగారు.