బావమరిది కొనిపించిన కంప్యూటరు

ఆదివారం పొద్దున్నే లిఫ్టు మెకానిక్ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కంప్యూటరు భాగాలు కొనడానికి తయారయ్యాడు. పెళ్ళినాడు కూడా ఆయన ఇంత శ్రద్ధ తీసుకోలేదని భార్య అంది.

సాయంత్రం అతని అక్క వస్తోంది. ఆవిడ రేవులో క్రేన్ ఆపరేటరు. ఆకాశంలో వేలాడే గాజు గదిలో కూర్చుని, చెరో చేత్తో ఒక పిడి పట్టుకుని, ఇల్లంతేసి ఇనుప పెట్టెల్ని ఓడ మీద పువ్వుల్లా దించుతుంది. చిన్నప్పుడు ఆ చేతులే వీడియో గేముల్లో వీధి మొత్తాన్నీ ఓడించాయి. ఒక్క ఆట మాత్రం లొంగలేదు. చివరి రాక్షసుడి దాకా వచ్చేసరికి ఇంట్లోని గేమ్ మిషను పొగ కక్కి ప్రాణం విడిచింది. డిస్కు మాత్రం అక్క దగ్గర భద్రంగా ఉంది. రేపు ఆవిడ బదిలీ మీద దూరపు రేవుకు వెళ్ళిపోతోంది. ఈలోగా ఇద్దరూ కలిసి ఆ రాక్షసుడి సంగతి తేల్చాలని తమ్ముడి పట్టుదల.

పాత మిషను లేకపోతేనేం, దాన్ని అనుకరించే ఎమ్యులేటర్ ఉంటే కంప్యూటర్‌లోనే ఆడొచ్చు. దాని గురించి అతను నెలల తరబడి చదివాడు.

"ఎమ్యులేటర్ అంటే దుబాసీ అనుకో," అని భార్యకు వివరించాడు. "పాత మిషను మాటల్ని అప్పటికప్పుడు కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెప్పాలి. దుబాసీ చురుగ్గా ఉండాలి. అంటే ప్రాసెసర్ మంచిది కావాలి. మిగతావి ఓ మాదిరివైనా చాలు."

"మరింకేం, తెచ్చేసుకోండి," అందామె.

కథ అక్కడితో కంచికి వెళ్ళేదే. కానీ ఆమె తమ్ముడు తోడు బయలుదేరాడు.

బావమరిది ఫోన్ల కొట్టులో సేల్స్‌మన్. కవరు కొందామని వచ్చినవాణ్ణి కొత్త ఫోనుతో పంపగల సమర్థుడు. ఆ ప్రతిభకు చేతులెత్తి మొక్కాల్సిందే, మనం కొనేవాళ్ళం కానంతవరకూ.

"గ్రాఫిక్స్ కార్డు ఏది బావా?" అన్నాడు కంప్యూటర్ల కొట్టులో.

"బొమ్మలు తెర మీద గీసేదేగా, వేరే అక్కర్లేదురా. ఈ ప్రాసెసర్‌లో ఉన్నది నా ఆటకి సరిపోతుంది."

"కార్డు లేని గేమింగ్ కంప్యూటరా! ఇంజను లేని కారు కొన్నట్టుంది. మీ అక్కయ్యగారి ముందు నా పరువేం కావాలి?"

"మధ్యలో నీ పరువేంట్రా?"

పరువు సంగతేమో గానీ కార్డు వచ్చింది, మూరెడు పొడవున. అంత కార్డుకు పవర్ సప్లై చాలదన్నాడు కొట్టాయన. పెద్దది తీశారు. ఆ రెండూ చిన్న కేబినెట్‌లో పట్టవన్నాడు. అద్దాల తలుపులూ ఏడు రంగుల దీపాలూ ఉన్న బీరువాలాంటి కేబినెట్ తీశారు. చినుకు చినుకుగా మొదలై గాలివానైంది. అనుకున్న ఖర్చు ఎప్పుడో దాటిపోయింది.

"ఏదో ఒకటి తగ్గించాలిరా," అన్నాడు మెకానిక్ నీరసంగా.

"ప్రాసెసర్ తగ్గించెయ్ బావా. అదెక్కడో ఫ్యాను కింద ఉంటుంది, ఎవడికి కనపడుతుంది? పాత ఆటేగా, ఏదైనా లాగేస్తుంది!"

నెలల చదువు ఆ ఒక్క ముక్కతో ఏట్లో కలిసింది. మెకానిక్ తలూపాడు. ఎందుకూపాడో అతనికే తెలియదు.

కొట్టులోనే అన్నీ బిగించి, పెట్టెలో పెట్టి ఇచ్చారు. వాళ్ళ బిల్డింగులోది జాలీ తలుపు లిఫ్టు, తలుపు కాస్త తెరుచుకున్నా ఆగిపోయే రకం. ముందు మనుషులు ఎక్కి, ఆ తర్వాత పెట్టెను లాక్కున్నారు. రెండో అంతస్తు దాటగానే పెట్టె ఒరిగి తలుపును నెట్టింది. తలుపు కాస్త తెరుచుకుంది, లిఫ్టు ఠక్కున ఆగింది. పెట్టె వెనక బావా బావమరుదులు గోడకు అంటించిన పోస్టర్లలా మిగిలారు.

మెకానిక్ ఫోను మోగింది. బిల్డింగు సెక్రటరీ.

"ఏమయ్యా, లిఫ్టు ఆగిపోయింది. ఎక్కడున్నా వెంటనే రావాలి."

"వచ్చే ఉన్నానండీ."

"ఎక్కడ?"

"లిఫ్టులో."

సెక్రటరీ పొంగిపోయాడు. పిలవకముందే వచ్చి పని మొదలెట్టాడని అన్ని అంతస్తులకూ చాటాడు. పనితనం చూద్దామని జనం మెట్ల మీదికి చేరారు. లోపలినుంచి వినిపించే మూలుగులు విని, "పాపం, ఎంత కష్టపడుతున్నాడో!" అని మెచ్చుకున్నారు.

ఆ జనాన్ని తప్పించుకుంటూ అక్క మెట్లెక్కి వచ్చింది. జాలీలోంచి లోపలికి చూసింది. నవ్వలేదు. రేవులో సైగ చేసేవాళ్ళలా ఒక చెయ్యి పైకెత్తింది.

"ఒరేయ్, నువ్వు కదలకు. బాబూ, నువ్వు కింది మూల పట్టుకో. నీ వైపుకి లాగు... ఇంకాస్త... ఆగు. ఊగడం ఆగనీ. ఆ, ఇప్పుడెత్తు."

పెట్టె బుద్ధిగా నిలబడింది. తలుపు మూసుకుంది, లిఫ్టు కదిలింది. మెట్ల మీద చప్పట్లు మోగాయి.

ఇంట్లో టీవీకి కంప్యూటర్ తగిలించి, ఎమ్యులేటర్ ఎక్కించి, డిస్కు పెట్టారు. ఏడు రంగులూ వెలిగాయి, ఫ్యాన్లు హోరెత్తాయి. తెర మీద వీరుడు ఒక కాలు ఎత్తాడు. ఆ కాలు దించడానికి తీరిక దొరికినప్పుడు దించాడు. సంగీతం జ్వరంతో మూలిగినట్టు సాగింది. మూరెడు కార్డు ఖాళీగా కూర్చుంటే, బక్క ప్రాసెసర్ ఒక్కటే బరువంతా మోస్తూ రొప్పుతోంది.

బావమరిది కంట్రోలర్ లాక్కుని టకటకా నొక్కాడు. వీరుడు కత్తి దూసేలోపే చచ్చాడు. మెకానిక్ ఆడాడు, అదే గతి పట్టింది.

"నాదే తప్పక్కా," అన్నాడు తల పట్టుకుని. "తెలిసి తెలిసి వీడి మాట విన్నాను. రేపు మార్చేస్తాను."

"రేపు నేనుండనుగా. ఇలా ఇవ్వు."

అక్క కాసేపు ఏమీ నొక్కకుండా తెరనే చూసింది. "నా క్రేనూ ఇంతేరా. ఇప్పుడు పిడి తిప్పితే, కింద బరువు కాసేపటికి గానీ కదలదు. అందాకా చెయ్యి ఊరుకోవాలి. అదే కష్టం. నువ్వు రెండో కంట్రోలర్ పట్టుకో, నేను చెప్పినప్పుడే నొక్కు."

ఆ తర్వాత ఆటంతా ఆవిడ గొంతు మీదే నడిచింది. "ఇప్పుడు... వద్దు... వద్దన్నానా... ఆ, ఇప్పుడు." తొందరపడి ఒక్క మీట నొక్కలేదు, ఆలస్యంగానూ నొక్కలేదు. బావమరిది జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని చూశాడు. అన్నాల వేళకు చివరి రాక్షసుడి గుండెలో కత్తి దిగింది. వాడు కూలడం మొదలెట్టాక మెకానిక్ భార్య వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని తిరిగొచ్చింది. వాడింకా కూలుతూనే ఉన్నాడు.

అక్క తమ్ముడి జుట్టు చెరిపి, "మంచి మిషను కొన్నావురా," అంది. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"నేను చెప్పలేదా బావా, దీనికి ఆ ప్రాసెసరే కరెక్టని!" అన్నాడు బావమరిది.

అక్క డిస్కును తమ్ముడికే వదిలి వెళ్ళాక మెకానిక్ ఒంటరిగా కొట్టుకు వెళ్ళి, తను మొదట అనుకున్న ప్రాసెసర్‌నే బిగించుకొచ్చాడు. ఇప్పుడు ఆట మెరుపులా పరుగెడుతోంది. ఇంట్లో ఎవరూ ఇంకా అందులో మొదటి దశ దాటలేదు.