తలుపు వెనకాల తెలుగు క్లాసు

తిరుత్తణి నేతగాళ్ల వీధికి ఇల్లరికం వచ్చిన కోదండరామ మాస్టారు పాముకు భయపడడు, హెడ్మాస్టరుకు భయపడడు. రాట్నానికి మాత్రం భయపడతాడు.

భార్య దేవసేన మగ్గం మీద కూర్చుందంటే పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టడానికి కండెలు అందుతూనే ఉండాలి. అవి అందకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే దేవసేన నోరు మొదలవుతుంది. రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టే పని ఆ వీధిలో మగ్గమెక్కడం రాని వాళ్లది. ఆ ఇంట్లో మగ్గమెక్కడం రానిది మాస్టారొక్కడే. బడి నుంచి వచ్చి చొక్కా విప్పేలోపే రాట్నం ముందు పీట వేసి ఉండేది.

అలాంటి సమయంలో చెన్నైలోని ఒక తెలుగు సంఘం వాళ్లు దేవుళ్లలా ఫోన్ చేశారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో అరవం మాత్రమే చదువుకునే పిల్లలకు సాయంత్రం పూట ఆన్‌లైన్‌లో తెలుగు అక్షరాలు నేర్పాలన్నారు. మాస్టారు ఎగిరి గంతేశాడు. గది తలుపు వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుని, "మ్యూట్ చెయ్యండి! అన్‌మ్యూట్ చెయ్యండి!" అని రెండు వారాలు గొంతు చించుకున్నాడు. కండెలు ఎదురింటి కస్తూరమ్మ చుట్టింది.

రెండు వారాలకు క్లాసులు అయిపోయాయి. ఆ సంగతి మాస్టారు ఇంట్లో చెప్పలేదు.

మొదటి రోజు పాఠం లాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాడు. దాన్నే గట్టిగా పెట్టి, హాలు వైపు గడియ వేసుకుని, గదికున్న పెరటి తలుపు లోంచి జారుకునేవాడు. స్టేషన్ రోడ్డులో బేబి అనే ఆవిడ నడిపే టీ కొట్టు ఉంది. అరక్కోణం బండి వచ్చి పోయే దాకా అక్కడ కూర్చుని రాజకీయాలు చక్కదిద్ది, పాఠం ముగిసే వేళకు గదిలోకి చేరి, అలసిపోయిన మొహంతో గడియ తీసేవాడు.

"ఏం మామా, పిలకాయలు ఇంకా మొదటి పాఠంలోనే ఉండారే?" అని ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది దేవసేన.

"పునాది! పునాది గట్టిగా ఉండొద్దా?"

"పట్టాభిరామ్ ఊరి పాప, ఆ గుణ, దినామూ అదే డౌటు అడుగుతాంది."

"దానికి దినామూ అదే డౌటు వస్తాంది. నేనేం చేసేది?"

"దినామూ అదే మాదిరి తుమ్ముతాంది గూడా."

"ఆ ఊర్లో దుమ్ము జాస్తి," అన్నాడు మాస్టారు, రసంలో మొహం దాచుకుంటూ.

దేవసేన గొంతు తగ్గించింది. "నాకూ ఆ లింకు కొట్టు మామా. భజనలో తెలుగు పాటలు అరవంలో రాసుకోని పాడతాండాము. తెలుగు మాస్టరు పెండ్లామయ్యుండీ చదవను రాలేదంటే సిగ్గుగా ఉండాది నాకు."

మాస్టారు మళ్లీ రసంలోకి వంగాడు. "చెన్నై వాళ్లు ఒప్పుకోరే. సీట్లు ఫుల్లు."

"కంప్యూటర్లో గూడా సీట్లుంటాయా?"

"ఉంటాయి. బస్సులో కన్నా తక్కువ."

దేవసేన ఇంకేమీ అనలేదు. పెళ్లయి పదిహేనేళ్లయినా, ఆమె ఏమీ అనకపోతే భయపడాలని మాస్టారు నేర్చుకోలేదు.

ఒక వారం హాయిగా గడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం మాస్టారు టీలో బిస్కెట్టు ముంచుతుండగా, "అందరూ నన్నే చూడండి!" అని ఎవరో గద్దించారు. గొంతు బాగా తెలిసినట్టుంది. ఎవరిదా అని చూస్తే, తనదే.

బిస్కెట్ల సీసాకు ఆనించిన బేబి ఫోన్‌లోంచి వస్తోంది. తెర నిండా మాస్టారి మొహం. కింద చిన్న చిన్న గడుల్లో కస్తూరమ్మ, కలైవాణి, వీధిలో మగ్గం ఆడే ఆడవాళ్లంతా. ఆ రోజే కొత్తగా క్లాసులో చేరిన బేబి బజ్జీలు కట్టే కాగితం మీద వంగి శ్రద్ధగా 'అ' దిద్దుతోంది. తలెత్తి మాస్టారిని చూసింది. ఫోన్ చూసింది. మళ్లీ మాస్టారిని చూసింది.

"అయ్యయ్యో, ఎన్న సారూ, ఇదేంది! ఆడా ఉండావు, ఈడా ఉండావు!"

"అది... నెట్‌వర్క్ ప్రాబ్లం."

"నెట్‌వర్క్ ప్రాబ్లమైతే మనిషి ఆగిపోతాడు గానీ ఇద్దరైపోతాడా?"

మాస్టారు బల్ల కింద దూరబోయాడు. బల్ల చిన్నది, మాస్టారు పెద్దవాడు. బేబి ఫోన్ అతని వైపు తిప్పి, మ్యూట్ తీసి, "అక్కా! సారు మా అంగట్లో ఉండాడు. బిస్కెట్టు తింటాండాడు," అని వీధి మొత్తానికి ప్రకటించింది.

సరిగ్గా అప్పుడే తెరమీది మాస్టారు వేలెత్తి, "క్లాసులో తినడం నాకు గిట్టదు!" అన్నాడు. సగమే బల్ల కింద దూరిన మాస్టారి నోట్లోంచి బిస్కెట్టు జారిపోయింది.

"తినేసి రమ్మను," అంది ఫోన్‌లోంచి దేవసేన గొంతు. "తొందరేం లేదు."

మాస్టారు ఇంటికి పరిగెత్తాడు.

గదిలో లాప్‌టాప్‌కు ఎదురుగా, స్టూలుకు నూలు దారంతో కట్టిన దేవసేన ఫోన్ నిలబడి ఉంది. మాస్టారి కుర్చీలో దేవసేన కూర్చుని ఉంది.

"పోయిన వారం కరెంటు పోయె. నెట్టు డబ్బా లైటు ఆరిపోయె. నీ క్లాసు మాత్రం ఆగలే. ఏం మాయరా అని పెరటి వైపు నుంచి వచ్చి చూస్తే కుర్చీలో తువ్వాలుండె," అంది.

"అప్పుడే నన్ను తిట్టేది గదా!"

"ఎందుకు తిట్టేది? పాఠం బాగుండె. నువ్వు లింకు ఇయ్యనంటివి, నేనే ఒక లింకు చేస్తిని. మ్యూటు, అన్‌మ్యూటు అని నువ్వు అరిచే అరుపులు రెండు వారాలు ఇని అంతా నేర్చుకుంటిని. దినామూ నువ్వు అట్ల పోతానే మా క్లాసు మొదులు."

ఆమె ఒళ్లో పలక ఉంది. పలక మీద వంకరటింకరగా అక్షరాలు, అచ్చం తెలుగే. ఊరూరి పిల్లలకూ చెప్పి, అడిగిన పెళ్లానికి సీట్లు లేవన్నానే అని మాస్టారికి నిజంగానే సిగ్గేసింది.

"తప్పైపోయింది. దినామూ నేనే చెప్తా," అన్నాడు. సిగ్గు తగ్గుతూ ఉండగానే బుర్ర పని చేసింది. క్లాసు నిజమైనా అబద్ధమైనా రాట్నం తప్పే గంట గంటే కదా! "ఈ తలుపు వేసుకోని, ప్రశాంతంగా..."

దేవసేన లేచి హాల్లోంచి రాట్నం తెచ్చి కుర్చీ ముందు పెట్టింది. "మొదటి పాఠం మాకు కంఠతా వచ్చేసె. రెండోది చెప్పు. చెప్పేది నోరు గదా, చేతులు ఖాళీనే."

మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. కెమెరా వైపు తిరిగి గురువు స్థానమేమిటో, గౌరవమేమిటో, రాట్నం తిప్పుతూ అక్షరం చెప్పడం సరస్వతికి ఎంత అపచారమో చేతులూపుతూ వివరించాడు. ఇంత గొప్పగా ఆయన బడిలో కూడా ఎన్నడూ మాట్లాడలేదు. గడుల్లోని ఆడవాళ్లు మాత్రం చలించలేదు. కస్తూరమ్మ ఆవులించింది. బేబి ఎవరికో టీ పోసింది.

దేవసేన ఆయన్ని ఎప్పుడో మ్యూట్ చేసింది. ఆయన మొదటి కండె చుట్టాకే మ్యూట్ తీసింది.