నలభై గడియారాల నడుమ నాలుగు నిమిషాల మహాసంగ్రామం

ఓ రింగుటోన్ల సృష్టికర్తలారా, లోకాన్నంతా ఒక గాజుపలకలో కుక్కి మనిషి జేబులోకి తోసిన ఘనులారా, తెల్లారేసరికి రెండు వందల పువ్వుల బొమ్మలు పంపే బంధుజన శిఖామణులారా, ముద్దాయిలు మీరే. కదలకుండా కూర్చుని వినండి. విశ్వాసి అయిన ఒక మనిషిని ఏడాదిపాటు ఒక్క ప్రార్థన కూడా కడదాకా చేయనివ్వని నేరం మీది.

సోమవారం. పది గంటల యాభై ఆరు నిమిషాలు. బస్టాపు వెనక, జిరాక్సు కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఆరడుగుల వెడల్పు గల గడియారాల రిపేరు కొట్టులో, నలభై గోడగడియారాల టిక్కుటిక్కు రణభేరుల నడుమ, కుడికంటికి భూతద్దం బిగించి ఆసీనుడై ఉన్నాడు మన మేస్త్రీ. ఆవగింజలో సగమైనా లేని మరలను పట్టకారు మొనతో లేవనెత్తువాడు, వెంట్రుక కంటె సన్నని స్ప్రింగు ఎదుట గంటసేపు బిగుసుకు కూర్చోగలవాడు, వీధిలో లారీ టైరు పేలినా రెప్ప కదపని ఏకాగ్రతాసార్వభౌముడు. అంతటివాడూ కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నాడంటే చాలు, రెండో మాట వచ్చేలోపు మనసు ఊరి మీద పడుతుంది.

ఫోను మోగింది. కంటి ఆసుపత్రి నుంచి అక్క.

"ఒరే, పదకొండింటికి లోపలికి తీసుకెళ్తారంట. ఫోను నర్సమ్మకి ఇచ్చేస్తున్నా."

"భయపడకక్కా, ప్రార్థన చేస్తాను."

"ఎడమ కంటికి చేసినప్పుడూ ఇదే మాటన్నావు. తీరా అడిగితే, ఎలుగుబంటి ఫ్రిజ్ తలుపు తీసే వీడియో చూస్తూ కూర్చున్నానన్నావు."

"నిజం చెప్పాను కదక్కా."

"చెప్పావు కాబట్టే మళ్లీ అడుగుతున్నా. ఎడమది అంతంతమాత్రం. ఇక నాకున్నది ఈ కన్నేరా. పెద్ద పెద్ద మాటలేం వద్దు. నన్ను లోపలికి తీసుకెళ్లాక ఒక్క నాలుగు నిమిషాలు నాతో ఉండు, చాలు."

ఫోను ఆగిపోయింది. వెంటనే ఆ వీరుడు ఫోనును సొరుగులోకి తోసి, షట్టరు సగం దించి, బల్ల మీద విప్పి ఉన్న చేతిగడియారం ముందే తలవంచాడు.

"ప్రభువా, మా అక్క..."

అంతే. పదకొండు కొట్టింది. ఒక గడియారం కాదు, ఏ రెండింటికీ పొత్తు కుదరని నలభై గడియారాలు, ఒకదాని వెనక ఒకటి, గణగణ ఢంఢం కుకూ నాదాలతో దిక్కులు పిక్కటిల్లేలా దండెత్తాయి. వాటిలో ఏడోది వెనకబడింది. నూనె వేయాలేమో, అన్నది వృత్తిధర్మం. మేస్త్రీ పళ్లు బిగించి ఆ ఆలోచనను తరిమాడు. అది పోతూ పోతూ ఇంట్లో గీజరు ఆపామా లేదా అన్న దిగులును పంపింది. దాన్ని తరిమితే కూతురి లెక్కల పరీక్ష వచ్చింది. దాన్నీ తరిమితే, అన్నిటి వెనకా కాచుకుని ఉన్న రోమశ మహాకాయం, ఆ ఎలుగుబంటి, ఫ్రిజ్ ముందు నిలిచి వెనక్కి తిరిగి చూసింది. ఇంతకీ అది లోపల్నుంచి ఏం తీసింది?

కళ్లు తెరిచేసరికి చెయ్యి సొరుగులో ఉంది.

అయ్యో, అక్కడ అక్క ఆపరేషను బల్ల మీద పడుకుని ఉంటుంది. ఇక్కడ తమ్ముడు ఎలుగుబంటి దగ్గరున్నాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడిన మేస్త్రీ చూపు బల్ల మీద వాలింది. చేతిగడియారపు మరలు, తుమ్మితే ఎగిరిపోయే ఆ ఇసుకరేణువులు, చెదిరి ఉన్నాయి. ముప్పయ్యేళ్లుగా ఒక్క మరనూ అతను తరిమింది లేదు. గాజుగిన్నె బోర్లించి దాని కింద భద్రం చేస్తాడు, పని అయ్యాక తీసుకుంటాడు.

పట్టకారు అందుకున్నాడు. ఒక మరను ఎత్తి గిన్నె కిందకి నెట్టాడు. "నువ్వు గీజరువి. ప్రభువు చూస్తాడు, ఇక్కడుండు." ఇంకొకటి. "నువ్వు లెక్కల పరీక్షవి." ఇంకొకటి ఏడో గడియారం. నాలుగోదాన్ని మాత్రం కంటిదాకా ఎత్తి గర్జించాడు: "ఓరి శీతలపేటికాచోరాగ్రణీ, నువ్వు ఏం తీశావో తెలియకుండానే నేను ముసలివాణ్ణవుదును గాక. ఈ నాలుగు నిమిషాలూ మా అక్కవి."

షట్టరు కింద నుంచి జిరాక్సు కొట్టు ఆయన తల దూరింది. "ఎవర్ని తిడుతున్నావు మేస్త్రీ? స్టేప్లరు పిన్నులున్నాయా?"

"నాలుగు నిమిషాలాగన్నా. ప్రార్థనలో ఉన్నా."

"భూతద్దం పెట్టుకునా?"

"అక్కకి ఆపరేషను."

తల వెనక్కి పోయింది. బయట స్టూలు లాగిన చప్పుడు. "కానీయ్. ఎవరొచ్చినా నేను మాట్లాడతాలే."

ఐదో మర జిరాక్సు ఆయన. ఆరోది, కన్ను పోతుందేమోనన్న భయం. ఆ ఆరోదాన్ని గిన్నె కింద అన్నిటికంటే లోపలికి నెట్టాడు. ఆ తర్వాత మేస్త్రీ భూతద్దం తీసి కళ్లు మూసుకుని, "ప్రభువా, మా అక్క లోపల ఉంది. నువ్వు అక్కడుండు, నేను ఇక్కడుంటాను" అన్నాడు. అంతకు మించి మాటలు రాలేదు, అవసరమూ పడలేదు. గడియారాలు తిరుగుతూనే ఉన్నాయి, అతనికి వినబడలేదు. ఆమెన్ అన్నాడు.

మధ్యాహ్నం అక్క ఫోను. "కట్టు కట్టారు. బాగానే జరిగిందంటున్నారు, రేపు విప్పితే తెలుస్తుంది. ఉన్నావారా?"

"ఆరుసార్లు పారిపోయానక్కా. ఆరుసార్లూ తిరిగొచ్చాను. ఆ తర్వాత నాలుగు నిమిషాలున్నాను."

అవతల నవ్వు. "నాలుగే? నయం. నేనైతే మొదట్లో డాక్టరమ్మ చెప్పులు ఏ కొట్లో కొనిందో అని ఆలోచిస్తూ పడుకున్నా. తర్వాత ఉన్నట్టుండి కాళ్ల వణుకు ఆగింది. నువ్వు వచ్చుంటావనుకున్నా."

ఇదిగో చాటుతున్నాను, దిగ్దిగంతాలూ వినండి: మేస్త్రీ నాలుగు నిమిషాలు గెలిచాడు. భూమండలంలో మరేమీ మారలేదు.

ఇక ఇది చదువుతున్న మీ సంగతి. ఎంతమందికి "మీకోసం ప్రార్థన చేస్తాం" అని చెప్పి చేతులు దులుపుకున్నారు? పేర్లు మీకు తెలుసు. వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు. ఈ కాగితం మడిచి పక్కన పెట్టండి. ఆ మొదటి పేరుతో ఇప్పుడే కూర్చోండి.