టౌనో బండికి ఏ నూనె?

ఆ శనివారం పొద్దున టౌనో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంజన్‌లో కొత్త పిస్టన్లు బిగించాలి, భోజనం వేళకి, చక్రాల్లేకుండా మంచు మీద పరిగెత్తే తన మంచుబండిని నడిపించాలి, సరస్సులో మంచు కింద వేసిన వలను వెలుగుండగానే చూసి రావాలి. విప్పడం, కడగడం, అరిగిన రింగులు మార్చడం ముందే అయిపోయాయి. రోడ్ల మీద మంచు తోసే లారీని జీవితమంతా నడిపి రిటైరైన మనిషికి ఇక మిగిలింది ఒక పూట పని. లేనిదల్లా ఆయిలు డబ్బా ఒక్కటే.

ఆయిలు కోసం పెట్రోల్ బంకుకి వెళ్లాడు. బంకులోనే హిల్కా నడిపే కాఫీ హోటలుంది. అందులో మూడు బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మగాడు. ఒకే పేపరును మూడు ముక్కలుగా పంచుకుని ఎవరి ముక్క వాళ్లు చదువుకుంటూ ఉంటారు. స్కూలు బస్సు నడిపి మానేసిన సులోది కిటికీ పక్క బల్ల. అడవిలో చెట్లు కోసే యంత్రం మీద కూర్చుని కూర్చుని నడుం పోగొట్టుకున్న కలెర్వోది పొయ్యి పక్కది. ఒకప్పుడు గడ్డకట్టిన సరస్సుల మీద మోటారు సైకిలు పందాల్లో నెగ్గిన ఐమోది తలుపు పక్కది. ముగ్గురికీ ఇంట్లో ఎదురుచూసే మనుషులు లేరు. ఏళ్ల తరబడి ఇదే వరస. వాళ్ల మధ్య తగాదాలేమీ లేవు. మాట్లాడుకోవాల్సిన పని పడలేదు, అంతే.

టౌనో రెండు డబ్బాలు చేతిలో పట్టుకుని ఎటూ తేల్చుకోలేక, ప్రత్యేకంగా ఎవరినీ కాకుండా గాలిని అడిగినట్టు అడిగాడు.

"నా పాత బండికి మామూలు ఆయిలు పొయ్యాలా, సింథటిక్ పొయ్యాలా?"

మూడు పేపరు ముక్కలూ ఒకేసారి కిందికి దిగాయి.

మామూలు ఆయిలేనని సులో తేల్చేశాడు. ఆ బండి పుట్టినప్పుడు సింథటిక్ అన్న మాటే లేదట. కలెర్వో మొహం చిట్లించి, మామూలు ఆయిలు పోస్తే పిస్టన్ నెత్తిన మసి పేరుకుని రింగులు కరుచుకుపోతాయన్నాడు. సింథటిక్ పోసి, అందులో మసి వదిలించే మందు ఒక మూత కలపాలన్నాడు. ఐమో చాలాసేపు ఓపిక పట్టి, చివరికి లేచి నిలబడ్డాడు. ఇంజన్‌లో పొయ్యడానికి పనికొచ్చే నూనె లోకంలో ఒక్కటే ఉందనీ, అది ఆముదమనీ ప్రకటించాడు. పందాల రోజుల్లో తను పోసింది అదేనట. మిగతా ఇద్దరూ ఆముదం తాగిన మొహాలు పెట్టారు.

హిల్కా కాఫీ పోస్తూ, బండిని చూడకుండా ఈ వాదన ఎందుకని అడిగింది. ఆ మాట వాళ్లకి న్యాయంగా తోచింది. ముగ్గురూ కోట్లు తొడుక్కుని టౌనో వెనకాలే బయల్దేరారు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు పని లేకుండా ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని గర్వం అనుకుంటారు. నిజానికి అది భయం. అవతలి మనిషికి మన వల్ల ఇబ్బందేమో, ఏదో పనిలో ఉన్నాడేమో అన్న భయంతో పక్క పక్క ఇళ్లలో ముసలివాళ్లైపోతాం. టౌనో భార్య ఇర్యా పోయినప్పుడు ఊరంతా వచ్చింది. అంత్యక్రియలు ఒక పని కదా. ఆ తర్వాత రావడానికి ఎవరికీ కారణం దొరకలేదు. నిరుడు తన పేరు పండగ రోజున, అంటే క్యాలెండరులో తన పేరు రాసి ఉన్న రోజున, టౌనో ఏలకులు దట్టించి తియ్యటి పుల్లా రొట్టె కాల్చి, కాఫీ పెట్టి, కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆ రోజున పిలవకపోయినా రావచ్చన్నది మా ఆచారమే. కానీ ఎవరూ రాలేదు. ఆ రొట్టెను వారం రోజులు తనే తిన్నాడు.

అలాంటి ఇంటి షెడ్డులో ఆ శనివారం నలుగురు మగాళ్లు ఒక ఇంజన్ చుట్టూ నిలబడ్డారు. టౌనో పిస్టన్ పైకి తీసేసరికి సులో చెయ్యి అడ్డం పెట్టాడు. బిగించే ముందు సిలిండర్ గోడలకు నూనె పూయాలి కదా, ఏ నూనె పూస్తావని అడిగాడు. అక్కడితో పని ఆగింది. రెండో కూజా కాఫీ అయింది, మూడోదీ అయింది. చీకటి పడ్డాక ముగ్గురూ లేచి, విషయం తేలలేదు కాబట్టి రేపు రావలసిందేనని బాధపడుతున్నట్టు మొహాలు పెట్టి వెళ్లారు. టౌనో నాలుగు కప్పులు కడిగాడు. ఇర్యా పోయాక ఆ ఇంట్లో రోజుకి ఒక్క కప్పు మించి కడగాల్సి రాలేదు. ఆరిన కప్పుల్ని తుడుస్తూ ఈల వేశాడు.

మర్నాడు వాళ్లు వచ్చేలోపు టౌనో పిస్టన్లకు నూనె పూసి రెండూ బిగించేశాడు. ఒక్క క్లిప్పు పెడితే చాలు. గోరంత తీగ ముక్క, పిస్టన్ పిన్ను జారకుండా పట్టేది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. ఇది పెట్టేస్తే మధ్యాహ్నానికి బండి నడుస్తుంది. బండి నడిస్తే వాళ్లు వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు? టౌనో ఇంట్లోకి వెళ్లి క్లిప్పుని చక్కెర గిన్నెలో దాచాడు. సిగ్గేసింది. అయినా బయటికి తియ్యలేదు.

"క్లిప్పు కనబడ్డం లేదు," అన్నాడు వాళ్లు రాగానే, నేల చూపులు చూస్తూ.

ఆ రోజంతా నలుగురూ షెడ్డు నేల మీద మోకాళ్లతో పాకారు. కలెర్వో నడుం పట్టేసి లేవలేకపోతే మిగతావాళ్లు తలో పక్కా పట్టుకుని లేవదీశారు. అంత ఆనందంగా గడిచిన ఆదివారం టౌనోకి ఈ మధ్యన గుర్తులేదు.

కలెర్వో పట్నానికి ఫోన్ చేసి కొత్త క్లిప్పు తెప్పించాడు. బస్సులో అది రానే వచ్చింది. కానీ అదే రోజు బేరింగు మాయమైంది. టౌనో తియ్యలేదు. తనే ఎక్కడో పెట్టి మరిచాడేమో, వయసు మీద పడుతోందేమో అని కంగారు పడ్డాడు, లోపల మాత్రం సంతోషించాడు. బేరింగు తెప్పిస్తే కార్బురేటర్ జెట్టు పోయింది. జెట్టు వస్తే, అతుకుల మధ్య పెట్టే పల్చటి గాస్కెట్ లేదు. ఎలకలు పట్టుకెళ్తున్నాయేమోనని సులో అన్నాడు. ఇత్తడి జెట్టు తినే ఎలక ఎక్కడిదిరా అని ఐమో అడిగితే, ఈ చలికి ఏదైనా తింటుందని జవాబిచ్చాడు.

విడిభాగాల కోసం ఎదురుచూసే రోజుల్లో నూనె వాదన బాగా ముదిరింది. కలెర్వో ఏ ఆయిలు చలికి గడ్డకడుతుందో చూడాలని మూడు రకాలూ మూడు గిన్నెల్లో పోసి మంచులో పెట్టాడు. సులో ఆయిలు గిన్నెను నక్క తిరగదోసింది. అది నక్క కాదని, సింథటిక్ పార్టీ కుట్ర అని సులో ఒంటికాలి మీద లేచాడు. ఐమో ఆముదాన్ని వేడి చేసి చూపిస్తానని, టౌనో కాదనేలోపే ఇర్యా అట్లు పోసే పెనం పొయ్యి మీద పెట్టాడు. ఇల్లంతా కమ్ముకున్న వాసనకి సులో బయటికి పరిగెత్తాడు. ఆ వాసనలో ఐమో కళ్లు మూసుకుని కుర్చీలో కూలబడి, తన గెలుపులన్నీ మళ్లీ గెలిచాడు.

దాంతో సులోకీ ఐమోకీ మాటలు ఆగిపోయాయి. అలాగని రావడం ఎవరూ మానలేదు. ఒకే బెంచీ మీద చెరో చివరా కూర్చుని టౌనో ద్వారా పోట్లాడుకున్నారు.

"ఆముదం పోసుకునేది కడుపులోకి, బండిలోకి కాదని ఆయనగారికి చెప్పు టౌనో," అన్నాడు సులో.

"బస్సు ఎప్పుడూ రెండో గేరు దాటనివాడికి ఇంజన్ గురించి తెలీదని ఆయనగారికీ చెప్పు," అన్నాడు ఐమో.

టౌనో ఒక్క మాట కూడా పోగొట్టకుండా ఇద్దరికీ చేరవేశాడు. ఇంట్లో రెండు గొంతులు వినబడటం అతనికి ఎంత బాగుందంటే, వాళ్లు రాజీ పడతారేమోనని కూడా భయపడ్డాడు.

ఇంతలో ఇంకో ఘోరం జరిగింది. ఒక పొద్దున టౌనో బండి ఆయిలు ట్యాంకు మూత తీస్తే లోపల జావ ఉంది. గరిటె నిలబెడితే నిలబడేలా ఉంది. అంతకుముందే సులో ఎవరూ చూడకుండా మామూలు ఆయిలు పోశాడు. కలెర్వో ఎవరూ చూడకుండా సింథటిక్ పోసి మందు కూడా కలిపాడు. వాళ్లిద్దరి మీదా ఐమో ఆముదం పోశాడు. తమ నూనె గొప్పతనం బండి నడిచాక చెప్పుకుందామని ఎవరికి వారు అనుకున్నారు. ఒకదాంతో ఒకటి పొసగని మూడు నూనెలూ ఆ చలిలో ముద్ద కట్టి, ట్యాంకు నుంచి గొట్టాల్లోకి దిగి అక్కడే ఉండిపోయాయి. తమకేమీ తెలియదని ముగ్గురూ ఒట్టేశారు. ట్యాంకూ గొట్టాలూ పంపూ అన్నీ విప్పి కడగాలని టౌనో నిట్టూర్చాడు. దానికి చాలా రోజులు పడుతుందని కలెర్వో అన్నాడు. ఆ మాటకి నలుగురి మొహాలూ వెలిగాయి.

ఆ కడుగుడు ముగుస్తుండగా హిల్కా వచ్చింది. తలుపు కొట్టలేదు, తోసుకునే వచ్చింది. చేతిలో పుల్లా రొట్టెల పళ్లెం ఉంది.

"రోజూ కాలుస్తున్నాను. తినే నాథుడు లేడు. మూడు బల్లలూ ఖాళీ," అంది. "ఒక పూట పనికి చలికాలం సగమైపోయింది. ఇవాళ ఇది నడిచేదాకా నేనిక్కణ్ణించి కదలను. బిగించండి."

హిల్కాతో వాదించే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు. నలుగురూ ఇంజన్ దగ్గర చేరారు. బిగిస్తూ బిగిస్తూ ఉంటే పని క్లిప్పు దగ్గర ఆగింది. పట్నం నుంచి తెప్పించినది ఏమైందని అడిగింది హిల్కా. నిజానికి దాన్ని కూడా టౌనో ఆ రోజే పాతదాని పక్కన చేర్చేశాడు. ఇంట్లోకి వెళ్లి చక్కెర గిన్నె తెచ్చి, గరిటెతో కెలికి, రెండు క్లిప్పులు తీశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇక వాళ్లు తిట్టి, కోట్లు తొడుక్కుని, ఈ గడప మళ్లీ తొక్కరని ఖాయం చేసుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

ఎవరూ తిట్టలేదు. సులో దగ్గి, తన చేతి తొడుగు విదిలించాడు. బేరింగు బల్ల మీద పడింది. ఐమో పొగాకు డబ్బా తెరిచి, పొగాకు దులిపి, జెట్టుని దాని పక్కన పెట్టాడు. కలెర్వో చాలాసేపు పైకప్పు చూసి, చివరికి టోపీ తీశాడు. గాస్కెట్ అతని బట్టతల మీద అంటుకుని ఉంది.

ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. హిల్కా మాత్రం నలుగురినీ చూసింది.

"ఒకళ్లింటికి ఒకళ్లు రావాలంటే ఇంజన్ చావాలా మీకు?"

"ఊరికే వస్తే తలుపు కొట్టి ఏం చెప్పాలి?" అన్నాడు సులో.

అతను వేళాకోళానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. హిల్కా రొట్టెల పళ్లెం వాళ్ల ముందుకు జరిపి, హోటలు తెరవాల్సిన మనిషి, ఇంకో కప్పు కాఫీ పోసుకుని కూర్చుంది.

బిగించడం అయిపోయింది. టౌనో అరలో చేతికందిన డబ్బా తీసి ట్యాంకులో పోశాడు. అది ఏ నూనె అని ఒక్కరూ అడగలేదు. తాడు లాగాడు. బండి మొదటి లాగుడికే అందుకుని, కొంచెం పొగ ఊది, కొత్తదానిలా నడిచింది. నలుగురు మగాళ్లూ శవయాత్రలో నిలబడ్డట్టు దాని చుట్టూ నిలబడ్డారు. బాగుందని కలెర్వో అన్నాడు. బాగుందని ఐమో అన్నాడు. తర్వాత కోట్లు తొడుక్కుని, హిల్కా వెనకాల ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మర్నాడు టౌనో అలవాటు కొద్దీ కూజా నిండా కాఫీ కాచాడు. రోజూ వాళ్లొచ్చే వేళ వచ్చి పోయింది. సరస్సు మీదికి పోయి వల చూడొచ్చు, బండి సిద్ధంగా ఉంది. వెళ్లబుద్ధి కాలేదు. వలలో చేప పడితే మాత్రం వండి ఎవరికి పెట్టాలి? షెడ్డులో ఇంజన్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. బతుకులో ఏ పనీ ఇంత శుభ్రంగా చేసి ఇంత ఏడవలేదనుకున్నాడు.

అప్పుడు బయట మోటారు చప్పుడైంది. ఐమో మంచుబండి నెమ్మదిగా పెరట్లోకి వచ్చింది. దాని వెనక తాడు. తాడు చివర సులో మంచుబండి. దాని మీద నడుం పట్టుకుని కలెర్వో, పక్కన నడుస్తూ సులో.

"ఏమో టౌనో, ఉన్నట్టుండి ఆగిపోయింది," అన్నాడు సులో, తలుపు సరిగ్గా మూడుసార్లు కొట్టాక.

టౌనో మూత ఎత్తి చూశాడు. ప్లగ్గు ఉండాల్సిన చోట ప్లగ్గు లేదు. విప్పిన మరల మీద గ్రీజు ఇంకా తాజాగా మెరుస్తోంది. అతను మొహం కనబడకుండా ఇంకా కిందికి వంగాడు.

"ప్లగ్గు లేదు," అన్నాడు.

"అదై ఉండొచ్చు," అన్నాడు కలెర్వో గంభీరంగా. "కానీ తొందరపడకూడదు. మొత్తం విప్పి చూడాలి."

ఇది ఈ చలికాలంలో తేలే పని కాదని నలుగురూ ఒప్పుకున్నారు. పరిచయమైనప్పటి నుంచి వాళ్లు ఒక్క మాట మీద నిలబడింది అదే మొదటిసారి.