మంత్రిగారి మొదటి విదేశం

ప్రపంచంలోని సమస్త దేశాల సంస్కృతులనూ తామే స్వయంగా చూసి, స్వయంగా వివరిస్తూ నలభై భాగాల డాక్యుమెంటరీ తీయబోతున్నామని మా పర్యాటక మంత్రిగారు ప్రకటించగానే సభలో చప్పట్లు మిన్నంటాయి. ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. ఈ డాక్యుమెంటరీతో మళ్ళీ గెలిచి తీరాలని ఆయన పట్టుదల. ఇంతటి మహత్కార్యానికి కెమెరామన్‌గా నన్ను ఎంచుకోవడం నా అదృష్టం.

మొదటి భాగం పొరుగు దేశం మీద. రోడ్డు ప్రయాణం. బయలుదేరే రోజు పొద్దున్నే పి.ఎ. నన్ను వ్యాన్ వెనక్కి లాక్కెళ్ళాడు.

"కొంప మునిగిందండీ. సార్ పాస్‌పోర్టు గడువు నిరుడే అయిపోయింది. నేను చూసుకోలేదు."

"ఆ మాటే చెప్పేయండి."

"చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. సార్ బండెక్కగానే నిద్రపోతారు కదా! ఆయన సొంత నియోజకవర్గానికే తీసుకెళ్దాం."

"గుర్తుపట్టరూ?"

"ఎలా పడతారు? ఎప్పుడైనా చూస్తే కదా!"

నిజమే. పోయిన ఎన్నికల్లో గొంతు నొప్పి వల్ల ఆయన ప్రచారమంతా రికార్డు చేసిన ఉపన్యాసంతోనే నడిచింది. పోస్టర్ల మీది ఫోటో ఆయన పెళ్ళినాటిది. ప్రజల కంటబడాలన్న యావ ఏనాడూ లేని నిరాడంబరుడు.

ఆరు గంటల తర్వాత, ఊరి పేరున్న బోర్డుకు అడ్డంగా వ్యాన్ ఆపాం. మంత్రిగారు టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దిగారు. ఎండిపోయిన కుళాయి ముందు బిందెలతో బారులు తీరిన ఆడవాళ్ళను చూసి చేతులు జోడించారు.

"జలారాధన!" అని కెమెరాకు వివరించారు. "నీళ్ళు రాకపోయినా వీళ్ళ నిష్ఠ చూడండి."

సగంలో ఆగిపోయిన వంతెనను చూడగానే ఆయన భక్తిగా చెప్పులు విడిచారు.

"ఏ మహాసామ్రాజ్యపు శిథిలమో! ఎన్ని వేల ఏళ్ళ నాటిదమ్మా?" అని బిందె పట్టుకున్న పెద్దావిడను అడిగారు.

"నాలుగేళ్ళది బాబూ. మధ్యలో వదిలేసి పోయారు."

"మా భాష ఎంత చక్కగా నేర్చుకున్నారమ్మా!"

"మీకూ బాగానే వచ్చు నాయనా. ఏ దేశం మీది?"

పి.ఎ. దగ్గాడు.

"పక్క దేశమమ్మా," అన్నారు మంత్రిగారు వినయంగా.

తర్వాత కుళాయి గట్టు మీద కూర్చుని గంటసేపు వాళ్ళ కష్టాలు విన్నారు. పైకప్పు లేని బడి గురించి చెబితే కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

"మరి మీరు గెలిపించినవాడు ఏం చేస్తున్నాడమ్మా?"

"ఎవరో మహానుభావుడు. గెలిచాక మొహం చూపిస్తేగా!"

మంత్రిగారి ముఖం ఎర్రబడింది. గట్టెక్కి నిలబడ్డారు. ఆయన అంత గొప్పగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

"అలాంటివాణ్ణి ఇంకా భరిస్తున్నారా? మీకు రోషం లేదా? ఈసారి డిపాజిట్ కూడా దక్కకుండా ఓడించండి! ఒట్టు వేయండి!"

ఊరంతా ఒట్టు వేసింది. ఆయన ఒక్కొక్కరి చేతా చేతిలో చెయ్యి వేయించుకున్నారు. పి.ఎ. వ్యాన్ చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. జనం మాట తప్పలేదు. ఓదార్చడానికి నేనూ, పి.ఎ.యూ వెళ్ళేసరికి మంత్రిగారు సోఫాలో తలపట్టుకుని ఉన్నారు.

"నాకు అర్థం కావడం లేదయ్యా," అన్నారు. "అసలు వాళ్ళకి నేనేం అపకారం చేశాను? ఒక్కసారైనా అటువైపు కాలు పెట్టానా?"